పిడికెడు మలీద

ఇట్లా దగ్గరికి జరగండమ్మా. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి రండి, చంటిపిల్లలుంటే ఒళ్లో వేసుకోండి, ఎందుకంటే ఈ ముచ్చట మధ్యలో లేచిపోయేది కాదు. పెద్దదేం కాదు, రెండు గంటల ముచ్చట. సిద్దిపేట దవాఖానలో నెత్తురు పరీక్షల గది ముందు, గోడ వెంట వేసిన ఇనుప బెంచీ మీద కొండవ్వ కూర్చున్న రెండు గంటలు. దసరా వెళ్లి నాలుగు రోజులైంది. పొద్దున పరగడుపున ఒకసారి నెత్తురు తీశారు. తిని రమ్మంటే తిన్నది. తిన్న రెండు గంటలకు ఇంకోసారి తీస్తారు. ఆ రెండోసారి షుగరు లెక్క రెండు వందలకు లోపల ఉంటే కంట్లో పెరిగిన శుక్లం తీయడానికి తారీకు ఇస్తారు, దాటితే ఇంటికి పంపిస్తారు. ఇప్పటికే రెండుసార్లు పంపించారు. శుక్లం ముదిరిపోతున్నది, ఇంకా ఆలస్యం చేస్తే తీయడం మాకూ కష్టమేనని కంటి డాక్టరమ్మ ముందే చెప్పింది. రెండో కన్ను ఉంది కదా అంటారేమో, కొండవ్వకు ఎడమ కన్ను చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడే పోయింది. ఉన్నది ఈ ఒక్కటే.

ఈ ఒక్క కంటితోనే ముప్పై ఏళ్లు కూరగాయల మార్కెట్లో గోనెపట్టా పరుచుకొని ఆకుకూరలమ్మింది. కొయ్యగూర, పాలకూర, పుంటికూర, గంగవాయిలి కూర, ఏ కట్టలో ఏ ఆకు వాడిందో, ఏ ఆకు కింద పురుగు పడుకుందో ఆ ఒక్క కన్నే చెప్పేది. ఇప్పుడు లోకమంతా పాలల్లో ముంచి తీసినట్టుంది. ఎదురుగా తెల్లగా కదిలేది నర్సమ్మ, నల్లగా నిలబడ్డది తలుపు, వెలుగుగా ఉన్నది కిటికీ, పక్కన ఎర్రగా ఉన్నది కోడలు ప్రశాంతి ఒళ్లోని చీర. ఎవరిదో చీరకు ఫాల్ కుడుతున్నది ప్రశాంతి, దవాఖానకు వచ్చినా చేతికి పని ఉండాలి దానికి, సూది బట్టలోకి దిగే చప్పుడు కూడా కొండవ్వకు వినిపిస్తున్నది, కన్ను తగ్గితే చెవి పెరుగుతుంది కాబోలు. ఉగాది ముందటి వారం మార్కెట్లో ఒక పంతులమ్మ మెంతికూర కట్ట తీసుకొని పోయి, మళ్లీ వచ్చి, కోపం కూడా చేయకుండా మెల్లగా, ఇందులో గడ్డి ఉందవ్వా అన్నది. గడ్డి. మెంతికూర అనుకొని గడ్డి కట్ట కట్టింది తాను. ఆ రోజు పట్టా మడిచి ఇంటికొచ్చింది, మళ్లీ పరవలేదు. ఆ జాగాలో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో, పక్కన నిమ్మకాయలమ్మే షమ్షున్నీసా ఎవర్నీ కూర్చోనివ్వడం లేదట, తన నిమ్మకాయల గంప అక్కడ పెట్టి, ఇది కొండవ్వ జాగ, ఆమె దవాఖానకు పోయింది, వస్తది అంటున్నదట, ఏడు నెలల నుంచీ అదే మాట. ఏడు నెలలు ఎవరైనా దవాఖానలో ఉంటారా, వినేవాళ్లు ఏమనుకోవాలి.

నవ్వొచ్చింది కొండవ్వకు, నవ్వితే ప్రశాంతి ఏమైంది అత్తమ్మా అన్నది, ఏం లేదు అన్నది. ఎంతసేపైంది అని అడిగింది. ఇరవై నిమిషాలు అన్నది ప్రశాంతి. ఇరవై నిమిషాలేనా. కడుపులో పడ్డ జొన్నరొట్టె ఇప్పుడు ఎక్కడిదాకా పోయి ఉంటుంది, నెత్తుట్లోకి చేరిందా, చేరుతూ చేరుతూ ఏం చెబుతుంది, నేను ఒక్కదాన్నే వచ్చాను అంటుందా, లేక వారం కింద తిన్నవి కూడా వరుసబెట్టి చెబుతుందా. నెత్తురు అబద్ధమాడదు. మనిషి ఎంతైనా దాచిపెట్టొచ్చు, వేలి కొసకు సూది పొడిస్తే వచ్చే ఆ ఒక్క చుక్క ఇంట్లో ముచ్చటంతా బయట పెడుతుంది. కొండవ్వ గుండె అక్కడ ఝల్లుమన్నది, ఎందుకు ఝల్లుమన్నదో చెబుతాను, తొందరపడకండి.

మొదటిసారి పంపించింది ఉగాది దాటాక. ఈ ఏడు ఉగాది, రంజాన్ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి, ఆదివారం ఇంట్లో బచ్చాలు, సోమవారం షమ్షున్నీసా ఇంటినుంచి గిన్నెడు షీర్‌ఖుర్మా. బచ్చాల్లో శనగపప్పు, బెల్లం, షీర్‌ఖుర్మాలో పాలు, ఖర్జూరాలు. చక్కెర మానేయమన్నారు డాక్టర్లు, మానేసింది కదా, చాయలో కూడా చక్కెర వేసుకోవడం లేదు, బెల్లమే వేసుకుంటున్నది. బెల్లం బెల్లమే, చక్కెర చక్కెరే, రెంటికీ రంగు వేరు, గుణం వేరు, బాలింతలకు బెల్లం పెడతారు గాని చక్కెర పెడతారా, అట్లా అనుకున్నది. మూడు వందల పది వచ్చింది. డాక్టరమ్మ చాలా ఓపికగా, అవ్వా, చెరుకు నుంచే అదీ, చెరుకు నుంచే ఇదీ, నెత్తుట్లోకి పోయినాక రెండూ అక్కచెల్లెళ్లే, ఇక నుంచి అన్నం తగ్గించు, జొన్నరొట్టె తిను అని చెప్పి పంపింది.

సరే, జొన్నరొట్టె. ఎండాకాలమంతా తిన్నది. ఆషాఢంలో పీరీల పండుగ, అదే మొహర్రం, వచ్చింది. పీరీలకు మలీద చేయడం తెలియనివాళ్లుంటారా మన దిక్కు, రొట్టెలు కాల్చి, వేడి మీదనే చేత్తో నలిపి, బెల్లం దంచి కలిపి, యాలకులేసి, నెయ్యి పోసి ముద్దలు కడతారు. గోధుమ రొట్టెలతో చేసేవాళ్లు చేస్తారు, కొండవ్వ జొన్నరొట్టెలతోనే చేసింది, ఎందుకంటే డాక్టరమ్మ జొన్నరొట్టె తినమన్నది. పీరీలకు పెట్టింది, పంచింది, మిగిలింది మూడు రోజులు తిన్నది. రెండోసారి పరీక్షకు పోతే రెండు వందల ఎనభై ఆరు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, ఏం తింటున్నవ్ అవ్వా అని అడిగింది. జొన్నరొట్టెనే తిన్న బిడ్డా, నీ తోడు, బువ్వ ముట్టలేదు అన్నది కొండవ్వ. ఎట్ల తిన్నవ్ అని అడిగింది. చెప్పింది. ఆ గదిలో ఉన్న నర్సమ్మలు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు, డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు, నవ్వకపోవడమే కొండవ్వకు ఎక్కువ గుచ్చుకున్నది. సిద్దిపేటలో సగం మంది షుగరు రోగులకు తానే కదా ఆకుకూర అంటగట్టింది, ఇది తిను అన్నా, నీ షుగరు దిగుతది అని. ఊరందరికీ మందు చెప్పి, తన ఇంటి రోగానికి బెల్లం పోసుకున్నది.

దవాఖాన వరండాలో స్పిరిటు వాసన, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు, ఎవరో ఇడ్లీ పొట్లం విప్పారు, పల్లీ చట్నీ వాసన. ఆ వాసనకు కొండవ్వ మనసు ఎక్కడికో పోయింది, చిన్నకోడూరు దగ్గర పుట్టిన ఊరికి, కన్న అవ్వ దగ్గరికి. అవ్వ పొద్దున్నే సంకటిలా గట్క వండేది, జొన్న గట్క, మక్క గట్క, అందులోకి చింతపండు పులుసో పుంటికూరో, పగలు తైదల అంబలి, అదే రాగి జావ. వరి బువ్వ అంటే పండుగే. పండుగ వస్తుందంటే పిల్లలు అడిగేది కొత్త బట్టలు కాదు, తెల్ల బువ్వ. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఏం పెట్టినా గుప్పెడే, గుప్పెడు అటుకులు, గుప్పెడు నానబియ్యం, చేతిలో పడ్డది చెరువు గట్టు దాటేలోపల అయిపోయేది, దాని కోసం మధ్యాహ్నమంతా తంగేడు పువ్వు కోస్తూ గుట్టలు తిరిగి, సాయంత్రమంతా చప్పట్లు కొడుతూ ఆడి, చెరువుదాకా నడిచి, నడిచి వచ్చేవాళ్లు. తిన్నది కాళ్లలోనే కరిగిపోయేది. ఇప్పుడు నీళ్లొచ్చాయి, చెరువులు నిండాయి, ఎటు చూసినా వరి, మంచిదే, ఆకలి పోయింది, దేవుడు చల్లగా చూడాలి. కానీ ఏడాదంతా తెల్ల బువ్వే అయినప్పుడు పండుగనాడు దాని మీద ఇంకేం పెట్టాలి, దాని మీద నెయ్యి, దాని మీద తీపి, దాని మీద ఇంకో ఇంటి నుంచి వచ్చిన డబ్బా. పువ్వు కూడా బజారులో కొంటున్నారు, చెరువుకు ఆటోలో పోతున్నారు. అవ్వ చూస్తే ఏమనేదో. ఏమీ అనేది కాదు, కళ్లు ఇంత పెద్దవి చేసుకొని, రోజూ పండుగేనానే అనేది.

ఈ ఏడు బతుకమ్మ మొదలయ్యే ముందు ప్రశాంతి కాగితం మీద ఏది తినాలో ఏది వద్దో రాసి గోడకు అంటించింది, అత్తకు కనిపించదని తెలిసీ అంటించింది, ఎందుకే అంటే, ఇది మీ కొడుక్కు, మీ వంక పెట్టుకొని ఆయన తీపి తినకుండా అన్నది. తొమ్మిది రోజులు గండం గడవాలి, ఆ తర్వాత దసరా, ఆ తర్వాత పరీక్ష. కొండవ్వ పట్టుదల మనిషి, పట్టుదల ఎక్కువైతే తెలివి తక్కువవుతుంది కదా, మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, సాయంత్రం పలారం తినాల్సి వస్తుందని పొద్దున్నుంచి ఏమీ తినలేదు. షుగరు గోలీ మాత్రం వేసుకున్నది, గోలీ మానొద్దన్నారు కదా. మధ్యాహ్నం పువ్వులు పేరుస్తుంటే చేతులు వణికాయి, చెమట పోసింది, నోరు తడబడింది, ప్రశాంతి పరుగున వచ్చి చూసి, గ్లాసెడు నీళ్లలో చక్కెర కలిపి తాగించింది. చక్కెర. ఆరు నెలలుగా ఇంట్లో దాచిపెట్టిన చక్కెర డబ్బా తానే తీసి, తానే కలిపి, తాగు అత్తమ్మా, తాగు అంటూ. తేరుకున్నాక కోడలు తిట్టిన తిట్లు కొండవ్వకు ఇప్పటికీ తలుచుకుంటే తీయగానే ఉంటాయి. తింటే ఆయాసం, తినకపోతే నీరసం, ఈ పాడు రోగంతో ఎట్లా వేగాలి అని కొండవ్వ ఏడ్చింది ఆ పూట.

మర్నాడు షమ్షున్నీసా చూడ్డానికి వచ్చింది. ఆమెకూ షుగరే, పదేళ్లుగా, అయినా డాక్టరును అడిగి, గోలీలు మార్చుకొని రంజాన్ రోజాలుంటుంది. బెంచీ మీద కూర్చున్న కొండవ్వకు ఆమె గొంతు ఇప్పుడు కూడా చెవిలో ఉంది, కొంచెం బొంగురుగా, మధ్యలో వక్క నములుతూ. “ఖాళీ కడుపుతోని పలారం కాడికి పోవద్దె కొండవ్వా. నాకు ఇఫ్తార్ల ఏం పెట్టిన్రనుకున్నవ్, దునియా అంత పెడ్తరు. ఒక్క ఖజూరం తింట, నీళ్లు తాగుత, నమాజ్‌కు పోత. వచ్చేటాల్లకు ఆకలి చల్లబడ్తది. అప్పుడు మనం తింటం. గట్ల చెయ్యకుంటె ఆకలే మనల్ని తింటది.” ఒక్కటి తిని, నీళ్లు తాగి, ఆగాలి. ఆగడం. ముప్పై ఏళ్లు పక్కపక్కన కూర్చున్నారు, ఒకరి సద్ది ఒకరు తిన్నారు, ఈ ఒక్క మాట ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదే అంటే, నువ్వు అడగలేదు కదా అన్నది.

ఆ మాటతో నాలుగు రోజులు గడిచాయి. ఇంటి దగ్గర ఇంత కూర, ఇంత పెసరపప్పు తిని, ఆ తర్వాతే ఆటకు పోయేది. అటుకులు నాలుగు, ముద్దపప్పు పరవాలేదు, నానబియ్యం చిటికెడు, అట్టు సగం. ఆరో రోజు వచ్చింది. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది కదా, ఆ రోజు పువ్వులు పేర్చరు, ఆడరు, పలారం చేయరు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, అరవై ఏళ్లుగా అలుగుతూనే ఉన్నది బతుకమ్మ, కానీ ఆ రోజు పని లేక గుమ్మంలో కూర్చున్న కొండవ్వకు మొదటిసారి అనిపించింది, ఎవరో ముసలమ్మ, ఏ కాలంలోనో, తనలాంటిదే, తొమ్మిది రోజులు వరుసగా తింటే కడుపు తట్టుకోదని తెలిసి, దేవత అలిగిందని చెప్పి మధ్యలో ఒక రోజు అందరి నోళ్లూ మూయించి ఉంటుంది. తినొద్దంటే ఎవరూ వినరు. అలిగింది అంటే అందరూ ఒప్పుకుంటారు. అలిగిన ఆడదాని ముందు పలారం పెట్టే ధైర్యం ఎవరికుంది. నిజమో కాదో దేవుడికెరుక, కొండవ్వ మాత్రం ఆ రోజే అనుకున్నది, నేనూ అలుగుతా, మనుషుల మీద కాదు, తీపి మీద, కన్ను వచ్చేదాకా.

అలిగినంత తేలిక కాదు. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ, కోమటి చెరువు కట్ట మీద ఇసుక వేస్తే రాలనంత జనం, అందరి తాంబాలాల్లో సద్దులు, చింతపండు పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, మలీద. ఆడాక ఒకరికొకరు ఇచ్చుకుంటారు, ఇస్తినమ్మ వాయినం అంటే పుచ్చుకుంటినమ్మ వాయినం అనాలి, వద్దు అనే మాట ఆ వరుసలో లేదు, మన పెద్దలు పెట్టలేదు. పక్కవీధి సుమిత్రమ్మ, ఇద్దరు కొడుకులూ వ్యాపారంలో పైకొచ్చిన ఇల్లు, పెద్ద పెద్ద మలీద ముద్దలు చేసి తెచ్చింది, నెయ్యి కారుతున్నది. కొండవ్వ కొంగు పట్టి పుచ్చుకున్నది, కళ్లకద్దుకున్నది, ఒక్క పలుకు నాలుక మీద వేసుకున్నది, మిగతాది ప్రశాంతి డబ్బాలో వేసింది. సుమిత్రమ్మ చూసింది. “ఏందమ్మా, నా చేతి సద్ది చేదయిందా?” అన్నది, పదిమంది వినేటట్టు. ఆ గొంతులో పుల్లలు విరిగినట్టున్నది. కొండవ్వకు ముప్పై ఏళ్ల పొత్తు ఒక ముద్ద దగ్గర తెగిపోతుందేమో అనిపించింది. దాచి లాభం లేదనుకొని చెప్పేసింది. “చేదు గాదు సుమిత్రమ్మా, నీ చెయ్యికేమైంది, అమృతం. నా నెత్తుట్లనే తీపి ఎక్కువైంది. గిప్పుడు తింటె కంట్ల శుక్లం తియ్యరంట.”

 కొండవ్వకు సుమిత్రమ్మ ముఖం కనిపించదు కదా, కోపమో కాదో తెలియక అట్లాగే నిలబడింది. కొంచెం సేపటికి చేయి వచ్చి తన చేతిని పట్టుకున్నది, బంగారు గాజుల చేయి, పక్కకు తీసుకుపోయింది, చెవి దగ్గర మెల్లగా, నాక్కూడా ఉందే, రెండేళ్లాయె, కోడండ్లకు చెప్పలేదు, చెప్తె వంటింట్లకెల్లి పక్కకు జరుపుతరని, అన్నది. గోలీలు బియ్యం డబ్బాలో దాచుకుంటుందట. ఇద్దరూ అట్లా చెరువు గట్టు మీద నిలబడి ఒకరి చేయి ఒకరు పట్టుకొని ముందు నవ్వారు. తర్వాత అడిగి చూస్తే ఆ గుంపులో ఇంకా ముగ్గురున్నారు. ఐదుగురూ ఒకరికొకరు ముద్దలు ఇచ్చుకుంటూ, ఒకరి రోగం ఒకరు పెంచుకుంటూ, ఎన్నేళ్లుగా ఆడుతున్నారో. వచ్చే ఏడు ముద్ద నిమ్మకాయంతే చేద్దాం, నువ్వుల పొడి, పల్లీ పొడి ఎక్కువ పెడదాం, చెరువుదాకా నడిచే పోదాం అని ఆ ఐదుగురే అనుకున్నారు, ఎవరికీ చెప్పకుండా, దొంగలు వాటా వేసుకున్నట్టు.

అంతదాకా బాగానే ఉంది. ఇప్పుడు చెబుతాను గుండె ఎందుకు ఝల్లుమన్నదో. ఆ రోజు చెరువు నుంచి ఇంటికి వచ్చాక, ప్రశాంతి కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయినప్పుడు, దేవుని అర్రలో తాంబాలం పక్కన మలీద గిన్నె ఉంది. గౌరమ్మకు పెట్టి తెచ్చింది. యాలకుల వాసన. కంటికి కనిపించని గిన్నె దగ్గరికి చేయి ఎట్లా పోయిందో, తలుపు తట్టుకునే మనిషి, గుమ్మం తెలియక పడే మనిషి, ఆ గిన్నె దగ్గరికి మాత్రం తడబడకుండా పోయింది చేయి. పిడికెడు. నిలబడే తిన్నది, నమిలిందో లేదో, కళ్లు మూసుకొని, మూసుకోకపోయినా ఒక్కటే కదా. అంతమంది ముందు ఒక్క పలుకుతో ఆగిన మనిషి, సుమిత్రమ్మ ముందు అంత పెద్ద మాట చెప్పిన మనిషి, ఎవరూ లేని చోట ఓడిపోయింది. నోరు కడుక్కొని వచ్చి కూర్చుంటే, ప్రశాంతి వచ్చి, అయ్యో అత్తమ్మా, చిన్న తాంబాలం చెరువు కాడ మర్చిపోయినం, పద పోయి తెచ్చుకుందాం అని మళ్లీ నడిపించింది అంత దూరం, పోయి వెతికితే దొరకలేదు, ఎవరో తీసుకుపోయి ఉంటారులే అని మళ్లీ నడిపించుకొచ్చింది. దసరా నాడు గాంధీ జయంతి కూడా పడటంతో మాంసం దుకాణాలు బంద్, ఊరంతా గొణిగింది గాని కొండవ్వకు మంచిదే అయింది, జమ్మి ఆకు పంచుకొని, కౌగిలించుకొని అలాయ్ బలాయ్ తీసుకొని, కూరగాయల పులుసుతో తిని పడుకున్నది. కానీ ఆ పిడికెడు. ఆరు రోజులుగా ఆ పిడికెడు లోపల రాయిలా కూర్చున్నది. ఆ పిడికెడుకే కన్ను పోతే. మూడోసారి డాక్టరమ్మ పెన్ను కింద పెడితే.

“ప్రశాంతీ” అన్నది కొండవ్వ. సూది చప్పుడు ఆగింది. “గంటా ముప్పావు అయింది అత్తమ్మా, ఇంక కొంచెమే” అన్నది కోడలు. “అది కాదె. సద్దుల నాడు, నువ్వు పెరట్లకు పోయినప్పుడు, మలీద తిన్న. పిడికెడు. నీకు చెప్పలే.”

చెప్పేసింది. చెప్పి, రవికె అంచు పట్టుకొని కూర్చున్నది, బడిలో పలక పగలగొట్టిన పిల్లలా.  ప్రశాంతి దారం కొరికిన చప్పుడైంది.

“నాకు ఎరుకనే. గిన్నె మీద మీ వేళ్ల గుర్తులు ఉన్నై.”

“ఎరుకైతె ఎందుకు అడగలే?”

“అడిగితె మీరు రెండు రోజులు ఏం తినకుండ పండుకుంటరు, ఎంగిలిపూల నాడు జేసినట్టు. తాంబాలం మర్చిపోలే అత్తమ్మా. మంచం కింద పెట్టిన. మిమ్ముల నడిపియ్యనీకె అబద్ధమాడిన.” కొంచెం ఆగి, “ఒక్కనాటి పిడికెడుకు కన్ను పోదు. రోజు పిడికెడైతె పోతది. మీరు రోజు తినలే గద” అన్నది.

ఆ పొద్దు చీకట్లో చెరువు గట్టు మీద ఇద్దరూ కొంగులు బిగించి, లేని తాంబాలం కోసం వెతికిన సంగతి తలుచుకుంటే కొండవ్వకు లోపల ఏదో జారింది. ఒక్కతే వంగి, గడ్డిలో చేతులతో తడిమింది కూడా, గుడ్డి ముసలిది, లేని పళ్లెం కోసం. ప్రశాంతి పక్కన నిలబడి, ఇటు చూడు అత్తమ్మా, అటు చూడు అత్తమ్మా అంటూ ఇంకా దూరం తిప్పింది. ఎంత నాటకం. ఇది ఈ ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్లు, ఎన్నిసార్లు గిన్నెలు విసురుకున్నారో ఒకరి మీద ఒకరు, ఉప్పు ఎక్కువైందని, తక్కువైందని, ఒక్కో వేసవి మాటలు కూడా లేవు. కోపం రావాలో, దండం పెట్టాలో తెలియలేదు కొండవ్వకు. చేయి చాచి వెతికి, కోడలి మోకాలి మీద వేసింది, అంతే. ప్రశాంతి ఆ చేయి తీయలేదు, దాని పక్కనుంచే మళ్లీ సూది గుచ్చడం మొదలుపెట్టింది.

పేరు పిలిచారు. లోపలికి పోయి వేలు చాచింది, సూది చురుక్కుమన్నది, దూది పెట్టారు. మళ్లీ బెంచీ. ఈ అరగంట ఆ రెండు గంటలకన్నా పెద్దది. కొండవ్వ ఏమీ తలుచుకోలేదు, ఏది తలుచుకున్నా సగంలోనే జారిపోయింది, పుంటికూర, అవ్వ చేతి గాజులు, వాన, ఎవరిదో దగ్గు, మూడు వందల పది, రెండు వందల ఎనభై ఆరు, మెంతికూరలో గడ్డి, ఒకటి తిని నీళ్లు తాగి ఆగాలి, ఆగాలి, ఆగాలి. తెల్లగా ఏదో దగ్గరికి వచ్చింది. కాగితం గరగరమన్నది. నర్సమ్మ ప్రశాంతికి ఇవ్వబోతే, నాకే చెప్పు బిడ్డా అన్నది కొండవ్వ. పరగడుపున నూట ఇరవై ఆరు అన్నది నర్సమ్మ. తిన్నాక నూట ఎనభై రెండు.

కొండవ్వ మళ్లీ చెప్పమన్నది. మళ్లీ చెప్పింది. ప్రశాంతి ఒళ్లోని చీర జారి కింద పడ్డది, ఎవరి చీరో ఏమో, ఫాలంతా దుమ్ము. డాక్టరమ్మ లోపలికి పిలిచి గురువారం పొద్దున రమ్మని రాసిచ్చింది, ఏం తిన్నవ్ అవ్వా ఈసారి అని అడిగింది, ఈసారి నవ్వుతూనే. అన్నీ తిన్న బిడ్డా, కొంచెం కొంచెం, అన్నది కొండవ్వ. పిడికెడు సంగతి కూడా చెప్పింది. దాచలేదు.

బయటికి వస్తుంటే ఇంకో ముసలాయన గొంతు వరండాలో గట్టిగా వినిపించింది. మైసయ్య అట, ఎర్రవల్లి నుంచి వచ్చాడు, ఆయనది కూడా శుక్లమే, రెండు వందల తొంభై నాలుగు వచ్చిందని తారీకు ఇవ్వలేదు. కాగితం ఉండచుట్టి, దసరా నాడు తినకపోతే ఇంకెప్పుడు తినాలి, దేవుని పేర తిన్నది కూడా రోగమైతదా, ఉన్న చూపు చాలు నాకు, మళ్లీ రాను అంటూ గేటు వైపు పోతున్నాడు. ప్రశాంతి ఆటో కోసం చేయి పట్టుకొని లాగుతున్నది. కొండవ్వ ఆ చేయి విడిపించుకొని, గొంతును బట్టి నడిచి పోయి, చేతికి దొరికిన కండువా కొస పట్టుకున్నది.

“అన్నా, కూసో. నన్ను గీడికెల్లి రెండు పాలి పంపిన్రు, నీ లెక్కనే తిట్టుకుంట పోయిన. పండుగను మానమంటలేరు వీళ్లు. పండుగనాటి బువ్వ రోజు తినొద్దంటున్రు.”

“ఇగ పదిహేను రోజులల్ల దీపావళి వస్తది” అన్నాడాయన, ఇంకా కోపంగానే. “అప్పుడు గూడ ఆగాల్నా?”

“దీపావళికి ముందుగాల దీపం సూడు. తినుడు తర్వాత సూద్దాం.”

 మైసయ్య గొంతులోంచి ఒక నవ్వు, ఇష్టం లేని నవ్వు, బయటికొచ్చింది. బెంచీ కిర్రుమన్నది. కూర్చున్నాడు. ఉండచుట్టిన కాగితాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేస్తున్న చప్పుడైంది. కొండవ్వ కూడా పక్కన కూర్చున్నది, ప్రశాంతి నిట్టూర్చి ఆటోవాణ్ణి పొమ్మన్నది. అప్పుడు మొదలుపెట్టింది కొండవ్వ, బెల్లం దగ్గర్నుంచి.

అదీ ముచ్చట. మీ ఇంట్లో కూడా గోలీలు బియ్యం డబ్బాలో దాచుకునే సుమిత్రమ్మ ఒకరుంటారు, పరగడుపున గోలీ మింగి కళ్లు తిరిగి పడేవాళ్లు ఒకరుంటారు, ఒక ముద్ద తిన్నందుకు మూడు రోజులు కుమిలే వాళ్లూ ఉంటారు. వచ్చే పండుగకు ముందు, పొయ్యి ముట్టించక ముందే, వాళ్లను కూర్చోబెట్టి ఈ ముచ్చట చెప్పండమ్మా. పేర్లు మరిచిపోతే మీ పేర్లు పెట్టుకోండి, పరవాలేదు. పిడికెడు సంగతి మాత్రం వదలకండి, అది వదిలితే ఎవరూ నమ్మరు.